సముద్రం మీద పుప్పొడి

బాల్టిక్ సముద్రాన్ని ఉపగ్రహం తీసిన ఒక ఫోటో ఆమధ్య చూశాను. నీళ్ల మీద పొడుగ్గా పసుపు చారలు. ఇంకేముంది, నాచు అనుకున్నాను. కాదండీ, అది పైన్ చెట్ల పుప్పొడి! ఈ పొరపాటు వెనక చాలా చరిత్ర ఉంది.

1865 ఏప్రిల్‌లో ఇటలీలోని చివిటావెక్కియా తీరం దగ్గర, పోప్ గారి ఓడ మీద నుంచి ఏంజెలో సెక్కి అనే ఖగోళ శాస్త్రవేత్త తెల్లటి పళ్లాలను సముద్రంలోకి దింపారు. పళ్లెం ఎంత లోతు దాకా కనబడితే నీళ్లు అంత తేట అన్నమాట. ఇంత చవకైన పరికరం సైన్సులో ఇంకోటి ఉందంటే నేను నమ్మను. ఇప్పటికీ వాడుతున్నారు. కాకపోతే పళ్లెం ఎక్కడ మాయమైందో తెలుస్తుంది గానీ, దాన్ని ఏది కప్పేసిందో తెలియదు. మట్టా? నాచా? పుప్పొడా?

నడి సముద్రం సంగతి వేరు. మన విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఓడలో వస్తూ, మధ్యధరా నీలం ఆకాశపు నీడ ఒక్కటే కాదని, నీటి అణువులు కాంతిని చెదరగొట్టడం వల్ల కూడా వస్తుందని చూపించారు. తీరంలో మాత్రం నీళ్లలో ఏవేవో కలుస్తాయి. కుళ్లిన మొక్కల నుంచి దిగే పసుపు పదార్థం నీలి కాంతిని మింగేస్తుందని 1930లలో జర్మనీ శాస్త్రవేత్త కుర్ట్ కాలె చెప్పారు. బాల్టిక్‌లో అది మెండు.

దాని పైన ఈ పుప్పొడి. పైన్ పుప్పొడి రేణువుకి రెండు గాలి తిత్తులుంటాయి, అందుకే తేలుతుంది. కంటికి ఆనదు గానీ, కాంతి తరంగం ముందు అది కొండంత. అందుకే అన్ని రంగుల్నీ చెదరగొడుతుంది, నీలాన్ని మాత్రం కొంత పీల్చుకుంటుంది. మిగిలేది పసుపు. గాలి దాన్ని చారలుగా నెడుతుంది.

చిక్కంతా ఇక్కడే. వేసవి నడుమ అక్కడ విషపు నాచు కూడా ఇలాగే తేలుతుంది. పుప్పొడిని నాచు కింద జమకడితే సముద్రం ఏటా ఎంత పాడవుతోందన్న లెక్కే తప్పుతుంది. ఒక ఆనవాలుంది. నాచులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీలుస్తుంది, పుప్పొడి ఆ పని చేయదు. పైగా పుప్పొడి కాలం మే, జూన్.

చివరికి ఆ రేణువులు అడుగు బురదకి చేరతాయి. అలా పొరల్లో మిగిలిన పుప్పొడిని లెక్కపెట్టి పాత అడవుల కథ చెప్పొచ్చని 1916లో స్వీడన్‌వారు లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ చూపించారు. ఆ కథ వచ్చే ఎపిసోడ్‌లో.