నీటి సంఘాల కథ – నేను పెట్టిన ఒక సంతకం

కొంచెం పొడుగు పోస్టు. నాట్లు అయిపోయినయి కదా, నిమ్మళంగా చదువుండ్రి.

మన వాడపల్లిల కృష్ణ, మూసీ రెండూ కలుస్తయి. అయినా ఇటు దామరచర్ల దిక్కు కాలువ చివరి భూములకు నీళ్ల కోసం కొట్లాట ఏండ్ల నుంచి ఉన్నదే.

పాతకాలంల చెరువు కింద నీరటి ఉండెటోడు. తూము తీసుడు, కట్టుడు, ఎవరి మడికి ఎంతసేపు పారాలె అన్నీ ఆయన చేతులనే. కల్లం కాడ రైతులు గింజలు కొలిస్తేనే ఆయన ఇల్లు గడిచేది. పక్షపాతం జేస్తే కల్లంలనే నిలదీసెటోళ్లు. దానికి ఏ రిజిస్టరూ అక్కర లేకుండె. (పెద్ద పట్టేల్ మడికి ముందు పారేది నిజమే, అది దాచొద్దు.)

1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువతోని మిర్యాలగూడ వరి గడ్డ అయింది. కానీ నీళ్లు పంచే మనిషి ఇప్పుడు లష్కర్. ఆయనకు జీతం సర్కారు నుంచి వస్తది. కల్లం కాడ అడిగే హక్కు మనకు పోయింది.

1997ల చంద్రబాబు సర్కారు రైతులే కాలువలు నడుపుకోవాలని చట్టం తెచ్చింది. ఆ జూన్‌లనే ఎన్నికలు. రాష్ట్రమంతా కలిపి పది వేలకు పైగా నీటి సంఘాలు ఏర్పడ్డయి. అంతకు ముందే తరి పంటకు నీటి తీరువా ఎకరానికి 200 రూపాయలు చేసిండ్రు, దాంట్ల వాటా సంఘానికి రావాలన్నరు. చట్టం చదివితే మంచిగనే ఉంటది: సర్వసభ్య సమావేశం, ఏటా ఆడిట్, పనిజేయని ప్రెసిడెంటును దించే వీలు. రికార్డుల పేరున్న కౌలుదారుకూ ఓటు. మరి మన దగ్గర ఎంతమంది కౌలుదారుల పేర్లు రికార్డులకు ఎక్కినయో మీకే తెలుసు.

మొదటి రెండు మూడేండ్లు పని కనబడ్డది. పూడిక తీసిండ్రు, తూములకు షట్టర్లు పెట్టిండ్రు. తర్వాత ఏమైంది? తీరువా మనం కడితే అది ఖజానాకు పోయేది, సంఘానికి తిరిగొచ్చేసరికి ఆలస్యం. పనుల పైసలు పైనుంచి వచ్చేటివి, ప్రపంచ బ్యాంకు అప్పు కూడా అందుల ఉండె. పైసలు పైనుంచి వస్తే మన చూపు కూడా పైకే పోతది. ప్రెసిడెంటు ఆఫీసు చుట్టూ తిరుగుడు, మనం ప్రెసిడెంటు చుట్టూ తిరుగుడు.

నేనూ ఒక సంఘంల మెంబరుగ ఉన్న. ఒకనాడు మినిట్స్ బుక్కు ఇంటికే వచ్చింది. సర్వసభ్య సమావేశం జరిగిందని, లెక్కలు చదివి ఒప్పుకున్నరని రాసి ఉంది. సమావేశం జరగలే. నేను చదివిన, అయినా సంతకం పెట్టిన. వారం తర్వాత చివరి తూము కింది రైతు ఒకాయన అడిగిండు, "మీటింగ్ ఎప్పుడు పెట్టిండ్రే, మాకు చెప్పలే?" అని. నా దగ్గర జవాబు లేదు. ఆ యేడు ఆయన పొలం ఎండిపోయింది. నా సంతకం వల్లనే ఎండింది అనను. కానీ సమావేశం నిజంగ పెడితే పూడిక ఎక్కడ మిగిలిందో ఆయన నిలబడి చెప్పెటోడు.

ఇదే తెలంగాణల ములుకనూరు చూడుండ్రి. 1956ల అలిగిరెడ్డి కాశీవిశ్వనాథ రెడ్డి అక్కడ సహకార సంఘం మొదలుపెట్టిండు. ఇప్పటికీ నడుస్తున్నది. వడ్ల విత్తనం, రైస్ మిల్లు, జిన్నింగ్, అప్పులు అన్నీ సంఘమే చూసుకుంటది. సర్కారు వాటా లేకుండ సభ్యుల సొమ్ముతో నడుపుకునే చట్టం 1995ల వస్తే దాని కిందికి మారిండ్రు. అక్కడ రైతు పొదుపు సంఘంలనే ఉంటది. లెక్క తప్పితే పోయేది తన పైసనే, కాబట్టి అడుగుతడు.

కృష్ణ అవతలి ఒడ్డుకు ఆంధ్రల 2024 డిసెంబరుల నీటి సంఘాల ఎన్నికలు జరిగినయి. మన దగ్గర ఆ మాట ఏండ్ల సంది నానుతున్నది. వస్తే ముందు ఓటర్ల లిస్టుల మీ పేరు, సర్వే నంబరు చూసుకోండ్రి. కౌలుకు చేసెటోళ్లను కూడా అడగండ్రి. సమావేశం చివరి తూము కాడ, పొద్దుగాల పెట్టమని నేనైతే అడుగుత. బుక్కు ఇంటికి తెస్తే మాత్రం ఈసారి వాపసు పంపుత.