నిలువు వరుసల లెక్క తెలియని పట్టిక

టిమ్ బెర్నర్స్-లీ 1991లో బయటపెట్టిన తొలి హెచ్‌టీఎంఎల్ ట్యాగుల చిట్టాలో పట్టిక ఊసే లేదు. సెర్న్‌లో, శాస్త్రవేత్తల కోసం పుట్టిన వెబ్‌కి అంకెల పట్టిక గీయడం రాకపోవడం విచిత్రమే. కావలసినవాళ్లు ఖాళీలు లెక్కపెట్టుకుంటూ అంకెలను ఒకదాని కింద ఒకటి పేర్చుకునేవారు.

1993లో డేవ్ రాగెట్ తన హెచ్‌టీఎంఎల్ ప్లస్ ప్రతిపాదనలో పట్టికకు చోటిచ్చాడు. 1995లో నెట్‌స్కేప్ 1.1 దాన్ని జనంలోకి తెచ్చింది. 1996 మేలో రాగెట్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1942 నియమాలను కుదుర్చింది. అమెరికా రక్షణ శాఖ పత్రాల కోసం రూపొందిన 'కాల్స్' నమూనా అప్పటికే ఉంది. అందులో నిలువు వరుసలెన్నో ముందే ప్రకటించాలి. హెచ్‌టీఎంఎల్‌లో ఆ పట్టింపు లేదు: వరుస వెంట వరుస రాసుకుంటూ పోతే బ్రౌజరే గడులు లెక్కపెట్టుకుంటుంది. మూడు వరుసల్లో నాలుగేసి గడులు రాసి నాలుగో దాంట్లో ఐదు రాస్తే, పట్టిక మొత్తం ఐదు నిలువు వరుసలదైపోతుంది.

ఈ వెసులుబాటు ఊరికే రాలేదు. చివరి వరుస చేరేదాకా వెడల్పులు తేలవు కాబట్టి మోడెం రోజుల్లో పెద్ద పట్టిక కోసం ఖాళీ తెరను చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. తొలి వరుసను బట్టే వెడల్పులు ఖాయం చేసే పద్ధతి 1998లో సీఎస్‌ఎస్ 2తో వచ్చింది.

పేజీలోని భాగాలను ప్రోగ్రాముతో మార్చడానికి వీలిచ్చే డామ్ మొదటి ప్రమాణం అదే ఏడాది వచ్చింది. అందులో వరుసను చేర్చడానికి 'ఇన్‌సర్ట్‌రో', గడిని చేర్చడానికి 'ఇన్‌సర్ట్‌సెల్' ఉన్నాయి. నిలువు వరుసను చేర్చే ఆదేశం మాత్రం లేదు. నెలవారీ అమ్మకాల పట్టికలో ఏప్రిల్‌ను చేర్చాలంటే శీర్షికలో ఒక గడి, కింద ప్రతి వరుసలోనూ ఒక్కో గడి విడివిడిగా చొప్పించాలి. అడుగున 'మొత్తం' అన్న గడి నాలుగు నిలువు వరుసల (కాలమ్‌ల) మేర పరుచుకుని ఉంటే దాని 'కోల్‌స్పాన్'ను ఐదు చేయాలి. మరిచిపోతే చివరి అంకె పక్క నెల కింద కూర్చుంటుంది. కొత్త ప్రోగ్రామర్లను ఇంతగా ఏడిపించే గడి మరొకటి ఉండదేమో!

2002లో ఏఎస్‌పీ డాట్‌నెట్ తెచ్చిన డేటాగ్రిడ్ ఈ చాకిరీ తప్పిస్తానంది. 'ఆటోజనరేట్‌కాలమ్స్' ట్రూగా ఉంటే, డేటాలో ఎన్ని ఫీల్డులుంటే అన్ని కాలమ్‌లు వాటంతటవే వచ్చేవి. చూపించనక్కర్లేని ఐడీలు, డేటాబేస్‌లోని అడ్డదిడ్డమైన పేర్లు కూడా శీర్షికలై తెరకెక్కేవి. దాంతో చాలామంది దాన్ని ఫాల్స్ చేసి కాలమ్‌లు తామే రాసుకున్నారు.

ఇప్పటి జావాస్క్రిప్ట్ లైబ్రరీలు చాలావరకు మధ్యేమార్గం పట్టాయి: కాలమ్‌ల జాబితా వేరు, డేటా వేరు. జాబితాలో ఒక పేరు చేరిస్తే చాలు. బయటి లూపు వరుసలను, లోపలి లూపు ఆ జాబితా ప్రకారం గడులను రాసిపెడతాయి.