ఇష్టమైన పుస్తకం - చేతికందిన పుస్తకం

ఆ మధ్య మా వూరి గ్రంథాలయంలో ఒక చిన్న సమావేశం పెట్టుకున్నాం. వచ్చినవాళ్ళు ముప్ఫైమందికి మించరు. ఒక్కొక్కరూ లేచి, జీవితంలో తమకు అన్నిటికంటే ఇష్టమైన పుస్తకమేదో, ఎందుకిష్టమో చెప్పాలి. షరతు అంతే.

నేను గోర్కీ 'అమ్మ' అన్నాను. నా మిత్రుడొకడు 'మహాప్రస్థానం' అన్నాడు. రిటైరైన నర్సు ఒకావిడ యద్దనపూడి 'సెక్రటరీ' పేరు చెప్పగానే మావాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆవిడ కూర్చోలేదు. "ఆ నవల్లో ఆడపిల్ల ఉద్యోగానికి పోతుందండీ. అప్పటికి మా ఇంట్లో ఆడది గడప దాటింది లేదు" అంది. నవ్వినవాళ్ళు తలలు వంచుకున్నారు. చివర్లో ఒక పెద్దాయన లేచి చెప్పిన జవాబు నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ఇష్టమనేది పూర్తిగా వ్యక్తిగతమని సాధారణంగా అనుకుంటాం. 'లోకో భిన్నరుచిః' అని సరిపెట్టుకుంటాం. కాని ఏ పుస్తకమైనా ఇష్టం కావాలంటే ముందు అది చేతికి రావాలి. అంతకంటే ముందు అక్షరం రావాలి. ఎవరి చేతికి ఏ పుస్తకం వచ్చింది, ఎవరి చేతికి రాకుండా ఎవరు ఆపారు అనేది అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. అది చరిత్ర.

ఆ చరిత్ర మనకు దగ్గరిదే. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు దిక్కులేని రోజుల్లో, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలి స్థాపించారు. ఆ మండలి ప్రచురించిన మొదటి పుస్తకం పురాణం కాదు, ప్రబంధం కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసత్వం మీద యుద్ధం జరిగిన దేశపు కథను తెలుగు పాఠకుడి చేతిలో ముందుగా పెట్టాలనుకోవడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షుడు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్ళు అప్పటి నుంచి దాన్ని ఒక ఉద్యమంగా నడిపారు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెం కార్యకర్తలు పాతూరి నాగభూషణం చొరవతో పడవ మీద పుస్తకాలు పెట్టి, కొల్లూరు దాకా కాలువ వెంట తిప్పారు. మా నాన్నది ఆ కాలువ వారనున్న వూరే. పడవ వస్తుందంటే పిల్లలందరూ గట్టు మీద చేరేవాళ్ళమని చెప్పేవాడు. ఆయనకిష్టమైన పుస్తకం ఏదని ఎవరైనా అడిగితే పేరు చెప్పేవాడు కాదు. "పడవలో వచ్చింది" అనేవాడు.

పుస్తకాన్ని మోసినవాళ్ళున్నట్టే ఆపినవాళ్ళూ వున్నారు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన 'మాలపల్లి' 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడ్డాక గాని దానికి పూర్తి విముక్తి రాలేదు. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన 'అమ్మ' మీద కూడా 1930లలో నిషేధం పడింది. చదువురాని ఒక తల్లి, మొదట కొడుకు చదివే పుస్తకాలను చూసి భయపడి, క్రమంగా ఆ కరపత్రాలనే తన బట్టల్లో దాచి ఫ్యాక్టరీలోకి చేరవేస్తుంది. ఆ కథను చూసి ప్రభుత్వం భయపడిందంటే, పాఠకుడి శక్తిని మన విమర్శకులకంటే ముందే పోలీసులు అంచనా వేశారన్నమాట.

తెలంగాణలో ఈ పని ఇంకా కష్టం. నల్లగొండ జిల్లాలో పుట్టి, ఇళ్ళల్లో వంటపని, హోటల్లో పని చేసుకుంటూ చదువు నేర్చిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించాడు. తాను అచ్చువేసిన పుస్తకాలను తానే మోసుకుపోయి అమ్మాడు. తర్వాత జైలుకు పోయాడు. 'ప్రజల మనిషి' నవల రాశాడు. ప్రచురణకర్త, పుస్తకాల అమ్మకందారు, రచయిత, ఖైదీ నలుగురూ ఒక్క మనిషే. ఆ ప్రాంతంలో ఒక తరం పాఠకుల ఇష్టాన్ని పత్రికల్లో వచ్చిన సమీక్షలకంటే ఆ మనిషి భుజాలే ఎక్కువగా తీర్చిదిద్దాయి.

ఇంతవరకు చెప్పుకుంటే మన శిబిరానికి గర్వంగానే వుంటుంది. అయితే ఇక్కడ ఆత్మవిమర్శ కూడా అవసరం.

సభలో నేను 'అమ్మ' పేరు చెప్పాను. అది అబద్ధం కాదు. కాని పూర్తి నిజమూ కాదు. నేను మొదట రాత్రిళ్ళు మేలుకొని చదివినవి 'కాశీమజిలీ కథలు', కొవ్వలి నవలలు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలలు రాశాడు. రైల్లో కొని, దిగేలోగా చదివి పారేసేవని మనం ఈసడించాం. కాని అక్షరం కొత్తగా వచ్చినవాడికి, వరసగా పేజీలు తిప్పడం అలవాటు చేసింది ఆ పుస్తకాలే. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ'లో బ్రాహ్మణ యాత్రికుడి వెంట ఒక పశువుల కాపరి నడుస్తాడు. కాపరి దారిలో చూసిన వింత గురించి అడుగుతాడు, మజిలీలో యాత్రికుడు చెప్పాలి. అడిగేవాడు లేకపోతే ఆ పన్నెండు భాగాల్లో కథే లేదు. ఆ కాపరిని మన విమర్శ ఎన్నడైనా పట్టించుకుందా? భావజాలాన్ని విమర్శించడం వేరు, పాఠకుడి అనుభవాన్ని నవ్వి తోసెయ్యడం వేరు. మొదటిది మన బాధ్యత. రెండోది పాత పండితుల అహంకారం కొత్త భాషలో మాట్లాడడం.

ధర సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. 1953లో విజయవాడలో విశాలాంధ్ర ప్రచురణాలయం ఏర్పడింది. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయం, తర్వాత రాదుగ, రష్యన్ సాహిత్యాన్ని తెలుగులోనే అచ్చువేసి పంపాయి. గట్టి అట్ట, మంచి కాగితం, కూలివాడి కొడుకు కూడా కొనగలిగిన ధర. టాల్‌స్టాయ్, చెహోవ్, గోర్కీ మన వూళ్ళ కుర్రాళ్ళకు ఇంటిమనుషులయ్యారంటే అందులో ఆ ధరకు పెద్ద పాలుంది. 1991లో సోవియట్ యూనియన్ కూలాక ఆ పుస్తకాలు రావడం ఆగిపోయింది. తర్వాతి తరం వాళ్ళకు చెహోవ్ అంతగా తెలియకపోతే అది వాళ్ళ అభిరుచి లోపమని నిందించడం అన్యాయం. అలాగే, 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్, అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి చేత 'ఏడుతరాలు'గా క్లుప్తంగా తెలుగు చేయించి తక్కువ ధరకు ఇవ్వబట్టే, ఆఫ్రికా నుంచి గొలుసులతో ఈడ్చుకుపోయిన కుంటా కింటే మన పల్లెల్లో కూడా ఎరిగిన పేరయ్యాడు.

ఇక ఆ పెద్దాయన సంగతి.

ఆయనది నా వయసే. వూరి చివర పేటలో వుంటాడు. జీవితమంతా పొలం పని చేశాడు. లేచి, "నాకు జాషువాగారి గబ్బిలం మాస్టారూ" అన్నాడు. ఎక్కడ చదివారని అడిగాను. "చదవలా. విన్నా. ఇక్కడే, ఈ కిటికీ బయట" అని చెయ్యి చూపించాడు. "మీరప్పుడు లోపల బల్ల దగ్గర కూకోని పైకి చదివేవోళ్ళు. మమ్మల్ని మెట్టెక్కనిచ్చేవోళ్ళు కాదు గదా. గోడకానుకోని వినేవోణ్ణి. గబ్బిలం గుళ్ళోకి పోద్ది, వాడు పోలేడు. అది నా కథే గదా అనుకున్నా. ఇంటికి పోయి మా అయ్యకి చెబితే ఏడ్చాడు."

నాకు నోట మాట రాలేదు. బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాణ్ణి నేనే. స్కూల్లో పద్యాల పోటీ కోసం గొంతెత్తి చదివేవాణ్ణి. కిటికీ అవతల ఎవరున్నారో ఎన్నడూ చూడలేదు. అదే గదిలో, అదే బీరువాలో 'మాలపల్లి' కూడా వుండేది. ప్రభుత్వం ఎత్తేసిన నిషేధాన్ని వూరు ఎత్తెయ్యలేదు. పుస్తకం లోపలికి వచ్చింది. ఆ పుస్తకంలోని మనుషులు మాత్రం గోడ బయటే వుండిపోయారు. అంటరానితనాన్ని రాజ్యాంగం 1950లోనే రద్దు చేసింది. నేను చెప్పేది 1960ల సంగతి.

గ్రంథాలయోద్యమం గొప్పదే. నా తండ్రికి పుస్తకమిచ్చింది, నాకూ ఇచ్చింది. కాని దాని చరిత్ర రాసేటప్పుడు ఎన్ని గ్రంథాలయాలు వెలిశాయో లెక్క చెప్పి ఊరుకుంటే చాలదు. వాటి మెట్లెక్కింది ఎవరు, ఎక్కనివ్వనిది ఎవరినని కూడా రాయాలి. జాషువా 1941లో రాసిన కావ్యానికి అసలు పాఠకుడు బల్ల దగ్గర లేడు. కిటికీ బయట నిలబడ్డాడు. పద్యాల పోటీలో బహుమతి నాకు వచ్చింది. పద్యం అతనికి అందింది.

ఇప్పుడు కూడా 'నూరు గొప్ప పుస్తకాలు' అంటూ జాబితాలు వస్తూనే వున్నాయి. నాకు వాటి మీద వ్యతిరేకత లేదు. అయితే 'మీకు ఏ పుస్తకం ఇష్టం' అన్న ప్రశ్నకు ఇంకొక ప్రశ్న జోడించాలంటాను - 'అది మీకు ఎలా అందింది?' మొదటి ప్రశ్నకు అందరూ పెద్ద పేర్లే చెబుతారు, నేను చెప్పినట్టు. రెండో ప్రశ్న అడిగితేనే పడవలు, జైళ్ళు, భుజాన మోసిన మూటలు, చౌక ధరలు, కిటికీలు బయటికి వస్తాయి. మన పాఠకుల చరిత్ర రాయడానికి ముడిసరుకు అదే.

మా గ్రంథాలయానికి ఈ ఏడాది కొత్త పుస్తకాలు రాలేదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మాత్రం కడుతున్నాం. ఆ డబ్బు గ్రంథాలయాలకు చేరాలని అర్జీ రాశాం. ముప్ఫైమందీ సంతకాలు పెట్టారు. మొదటి సంతకం ఆ పెద్దాయనది. అక్షరాలు కూడబలుక్కుంటూ, లోపల, బల్ల దగ్గర కూర్చుని పెట్టాడు.