హైతీలో రద్దయిన శాసనసభ

పరాయి దేశంలో సైన్యాన్ని దింపిన ఏ ప్రభుత్వమూ దోచుకోవడానికి వచ్చానని చెప్పదు. శాంతి కోసమంటుంది, నాగరికత కోసమంటుంది, ప్రజాస్వామ్యం కోసమంటుంది. అసలు ఉద్దేశం తేల్చడానికి నాయకుల ఉపన్యాసాలు చాలవు. వచ్చిన సైన్యం అక్కడి శాసనసభను ఏం చేసిందో చూడాలంటాను నేను. హైతీ చరిత్రను ఈ గీటురాయి మీద పెట్టి చూద్దాం.

బానిసలు తిరగబడి 1804లో సాధించుకున్న స్వతంత్ర దేశం హైతీ. విదేశీయులకు భూమి మీద హక్కు ఉండరాదన్నది ఆ విప్లవం నుంచి వచ్చిన నియమం. 1915 జూలైలో రాజకీయ ఖైదీల ఊచకోతతో రెచ్చిపోయిన జనం అధ్యక్షుడు గియోమ్ సామ్‌ను చంపేశారు. జూలై 28న, అదే రోజు, అమెరికా సైన్యం దిగింది. ఆ అరాచకం అబద్ధం కాదు. అయితే అంతకు ఏడు నెలల ముందే, 1914 డిసెంబరులో, అమెరికా సైనికులు హైతీ జాతీయ బ్యాంకు నుంచి అయిదు లక్షల డాలర్ల బంగారాన్ని న్యూయార్క్‌కు తరలించారు. ఆ బంగారానికి కారణంగా జూలై హత్యను చూపలేం కదా!

1917 ఏప్రిల్‌లో ప్రపంచాన్ని ప్రజాస్వామ్యానికి సురక్షితం చేయాలంటూ అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ యుద్ధానికి దిగాడు. ఆ జూన్‌లోనే హైతీ శాసనసభ అమెరికా పంపిన రాజ్యాంగాన్ని కాదని, తన రాజ్యాంగం తానే రాసుకోబోయింది. సాయుధ పోలీసు దళాధిపతిగా ఉన్న అమెరికా సైనికాధికారి స్మెడ్లీ బట్లర్ వెళ్లి సభను రద్దు చేయించాడు. మరుసటి ఏడు ఆ దళం కాపలాలోనే ప్రజాభిప్రాయ సేకరణ నడిచింది. అనుకూలం 98 వేల పైచిలుకు, వ్యతిరేకం 768! విదేశీయులకు భూమి హక్కు వచ్చింది. శాసనసభ మాత్రం 1930 దాకా తిరిగి రాలేదు.

ఇదంతా బ్యాంకు పనే అని ఒక్క మాటలో తేల్చేయడం చరిత్రను కుదించడమే. 1914లో తెరిచిన పనామా కాలువ దారి, జర్మనీ మీద అనుమానం, నల్లవాళ్లు పాలించుకోలేరన్న జాత్యహంకారం కూడా ఉన్నాయి. ఇవి పెట్టుబడికి పోటీ కావు, తోడు.

రోడ్లు వేశారు కదా అంటారు సమర్థకులు. వేశారు, రైతులను వెట్టికి పట్టి. ఆ వెట్టి మీదే షార్లమాన్ పెరాల్ట్ నాయకత్వాన రైతులు తిరగబడ్డారు. 1919లో అతన్ని చంపి, శవాన్ని తలుపుకు కట్టి ఫోటో తీసి పంచారు. భయపెట్టడానికి పంచిన ఆ బొమ్మే హైతీ జనానికి శిలువ వేసిన అమరుడి రూపమైంది. శాసనసభను రద్దు చేయించిన ఆ బట్లరే 1935లో, తాను న్యూయార్క్ బ్యాంకుల వసూళ్ల కోసం పనిచేశానని ఒప్పుకున్నాడు.

సైన్యం 1934లో వెళ్లింది. ఖజానా మీద అమెరికా అజమాయిషీ 1947 దాకా సాగింది. ఇరాక్‌లోనూ 2005 జనవరి ఎన్నికలు రాకముందే, 2003 సెప్టెంబరులో, ఆక్రమణ పాలన చాలా రంగాల్లో విదేశీయులకు నూటికి నూరుపాళ్ల యాజమాన్యం ఇస్తూ ఉత్తర్వు జారీ చేసింది. ఓటు కంటే ముందు ఆస్తి హక్కు వచ్చిన చోట ఆ ఓటు ఎవరి కోసమో ప్రజలే అడగాలి. ఆ ప్రశ్న అడిగే సభను మూసేసిన వాడు ప్రజాస్వామ్యం తెచ్చానంటే నేను నమ్మను.