రాబీ కీన్

రాబీ కీన్‌గా ప్రసిద్ధి చెందిన రాబర్ట్ డేవిడ్ కీన్ ఐర్లాండు దేశానికి చెందిన మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు, శిక్షకుడు. 1980, జూలై 8న జన్మించిన ఇతడు ముందువరుస ఆటగాడిగా (ఫార్వర్డ్) రెండు దశాబ్దాలకు పైగా వృత్తి ఫుట్‌బాల్ ఆడినాడు. ఐర్లాండు రిపబ్లిక్ జాతీయ జట్టు తరఫున 146 మ్యాచ్‌లలో 68 గోల్స్ సాధించి, ఆ దేశం తరఫున అత్యధిక మ్యాచ్‌లు ఆడిన ఆటగాడిగానూ, అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడిగానూ రికార్డులు స్థాపించినాడు. గోల్స్ జాబితాలో ఇతని తరువాతి స్థానంలో ఉన్న నియాల్ క్విన్ చేసిన గోల్స్ 21 మాత్రమే. క్లబ్ స్థాయిలో ఇంగ్లాండు, ఇటలీ, స్కాట్లాండు, అమెరికా, భారతదేశాలలో ఆడినాడు. 2017-18లో కోల్‌కతాకు చెందిన ఏటీకే జట్టుకు ఆటగాడిగానూ, చివరి దశలో శిక్షకుడిగానూ పనిచేయుట వలన భారతీయ క్రీడాభిమానులకు కూడా సుపరిచితుడు.

బాల్యం, తొలినాళ్ళు

ఐర్లాండు రాజధాని డబ్లిన్‌కు నైరుతి దిశలో ఉన్న టాలా ప్రాంతంలో కీన్ పెరిగినాడు. ఐర్లాండులో గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ వంటి దేశీయ క్రీడలకు ఆదరణ ఎక్కువ. వృత్తి ఫుట్‌బాల్‌కు అక్కడ ఆదాయం తక్కువ కావడంతో, ప్రతిభ కలిగిన బాలురు పదిహేను, పదహారేళ్ళ వయసులోనే ఇల్లు విడిచి ఇంగ్లాండు క్లబ్బులకు వలస వెళ్ళడం అప్పట్లో ఆనవాయితీగా ఉండేది. కీన్ కూడా అదే బాటలో నడిచినాడు. డబ్లిన్‌లోని క్రమ్లిన్ యునైటెడ్ బాలుర జట్టులో ఆడిన తరువాత, ఇంగ్లాండులోని వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ క్లబ్బులో శిక్షణార్థిగా చేరినాడు. చిన్ననాటి నుంచి తాను అభిమానించిన లివర్‌పూల్ క్లబ్బు నుంచి కూడా అవకాశం ఉన్నప్పటికీ, ప్రధాన జట్టులో త్వరగా చోటు దక్కగలదన్న ఆలోచనతో వుల్వర్‌హాంప్టన్‌ను ఎంచుకున్నాడు.

ఆ అంచనా తప్పలేదు. 1997, ఆగస్టు 9న నార్విచ్ సిటీపై జరిగిన మ్యాచ్‌లో 17 ఏళ్ళ వయసులో అరంగేట్రం చేసి రెండు గోల్స్ సాధించినాడు. అప్పట్లో వుల్వర్‌హాంప్టన్ ఇంగ్లాండులో రెండవ శ్రేణి లీగ్‌లో ఉండేది. రెండేళ్ళలో ఆ క్లబ్బు తరఫున లీగ్ మ్యాచ్‌లలో 24 గోల్స్ చేసినాడు.

బదిలీల కాలం (1999-2002)

1999 ఆగస్టులో ప్రీమియర్ లీగ్ క్లబ్బు కోవెంట్రీ సిటీ 60 లక్షల పౌండ్లు చెల్లించి కీన్‌ను తీసుకున్నది. 20 ఏళ్ళ లోపు ఆటగాడికి బ్రిటన్‌లో అప్పటివరకు ఏ క్లబ్బూ అంత మొత్తం చెల్లించలేదు. డర్బీ కౌంటీపై ఆడిన తొలి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ చేసినాడు. ఆ సీజన్‌లో 31 లీగ్ మ్యాచ్‌లలో 12 గోల్స్ సాధించడంతో ఇటలీకి చెందిన ఇంటర్ మిలన్ దృష్టి ఇతనిపై పడింది.

2000 జూలైలో ఇంటర్ మిలన్ 1 కోటి 30 లక్షల పౌండ్లకు కీన్‌ను కొనుగోలు చేసింది. శిక్షకుడు మార్చెల్లో లిప్పి ఇతన్ని ఏరికోరి తీసుకున్నాడు. లాజియోతో జరిగిన ఇటలీ సూపర్ కప్ మ్యాచ్‌లో కీన్ గోల్ చేసినాడు కూడా. కాని ఇటలీ లీగ్‌లో తొలి మ్యాచ్ ఓడిన వెంటనే లిప్పిని క్లబ్బు యాజమాన్యం తొలగించింది. తరువాత వచ్చిన మార్కో తార్దెల్లి హయాంలో కీన్‌కు అవకాశాలు తగ్గిపోయినాయి. మొత్తం 6 లీగ్ మ్యాచ్‌లు మాత్రమే ఆడి, వాటిలో గోల్ చేయకుండానే ఇటలీ విడిచినాడు. శిక్షకుడు మారితే అతడు తెచ్చిన ఆటగాని భవిష్యత్తు కూడా తలకిందులవుతుందని ఇరవై ఏళ్ళ వయసులోనే కీన్‌కు అనుభవమైనది.

2000 డిసెంబరులో అద్దె ఒప్పందం (లోన్) పై లీడ్స్ యునైటెడ్ చేరినాడు. ఐర్లాండుకే చెందిన డేవిడ్ ఓలీరీ ఆ జట్టు శిక్షకుడు. మిగిలిన సీజన్‌లో 18 లీగ్ మ్యాచ్‌లలో 9 గోల్స్ చేయడంతో, 2001లో లీడ్స్ 1 కోటి 20 లక్షల పౌండ్లకు ఇతన్ని శాశ్వతంగా తీసుకున్నది. అయితే శక్తికి మించి అప్పులు చేసిన లీడ్స్ ఆర్థిక సంక్షోభంలో కూరుకుపోయి ఆటగాళ్ళను అమ్మవలసి వచ్చింది. ఆ అమ్మకాలలో భాగంగా 2002 ఆగస్టులో కీన్ 70 లక్షల పౌండ్లకు లండన్‌లోని టోటెన్‌హామ్ హాట్‌స్పర్ క్లబ్బుకు బదిలీ అయినాడు. అప్పటికి ఇతని వయసు 22 ఏళ్ళు. టోటెన్‌హామ్ ఇతనికి ఐదవ క్లబ్బు.

టోటెన్‌హామ్ హాట్‌స్పర్

కీన్ క్లబ్ జీవితంలో స్థిరత్వం లభించినది ఇక్కడే. 2002-03 నుంచి 2007-08 వరకు వరుసగా ఆరు సీజన్లలో లీగ్‌లో పదికి తగ్గకుండా గోల్స్ చేసినాడు. వీటిలో 2005-06లో చేసిన 16 గోల్స్ అత్యధికం. ఆ సీజన్ చివరి మ్యాచ్‌కు ముందు పలువురు టోటెన్‌హామ్ ఆటగాళ్ళు అస్వస్థతకు గురికాగా, వెస్ట్ హామ్ చేతిలో ఓడి జట్టు ఐదవ స్థానానికి పడిపోయింది. నాలుగవ స్థానంతో పాటు యూరోప్ ఛాంపియన్స్ లీగ్ అర్హత చిరకాల ప్రత్యర్థి ఆర్సెనల్‌కు దక్కింది.

2006లో బల్గేరియాకు చెందిన దిమితార్ బెర్బటోవ్ రాకతో ఏర్పడిన జోడీ టోటెన్‌హామ్ అభిమానులకు నేటికీ గుర్తుండిపోయింది. 2007 ఏప్రిల్‌లో ప్రీమియర్ లీగ్ ఉత్తమ ఆటగాడి నెలవారీ పురస్కారాన్ని వీరిద్దరికీ కలిపి ఇచ్చినారు. 2007-08లో అన్ని పోటీలలో ఇద్దరూ చెరి 23 గోల్స్ చేసినారు. 2008, ఫిబ్రవరి 24న వెంబ్లీ మైదానంలో జరిగిన లీగ్ కప్ ఫైనల్లో అదనపు సమయంలో చెల్సీని 2-1 తేడాతో ఓడించి టోటెన్‌హామ్ విజేతగా నిలిచింది. ఇంగ్లాండులో కీన్ గెలిచిన ప్రధాన ట్రోఫీ ఇదొక్కటే.

లివర్‌పూల్, తిరుగు ప్రయాణం

2008 జూలైలో లివర్‌పూల్ 1 కోటి 90 లక్షల పౌండ్లకు కీన్‌ను తీసుకుని 7వ నెంబరు చొక్కా ఇచ్చింది. బాల్యంలో అభిమానించిన జట్టులో చేరడం తన కల నెరవేరడమేనని ఇతడు అప్పట్లో అన్నాడు. ఆ తరువాత చేరిన క్లబ్బుల విషయంలోనూ ఇటువంటి మాటలే చెప్పినందున, ప్రతి క్లబ్బూ ఇతని చిన్ననాటి కలేనని అభిమానులు హాస్యమాడేవారు.

అయితే లివర్‌పూల్ కల ఆరు నెలలలోనే చెదిరిపోయింది. శిక్షకుడు రఫాయెల్ బెనిటెజ్ సాధారణంగా ఫెర్నాండో టోరెస్‌ను ఏకైక ముందువరుస ఆటగాడిగా, స్టీవెన్ జెరార్డ్‌ను అతని వెనుక ఆడించేవాడు. కీన్‌కు అలవాటైన స్థానం సరిగ్గా జెరార్డ్ ఆడే చోటే. దానితో ఇతన్ని కొన్నిసార్లు పక్కకు జరిపి ఆడించడం, కొన్నిసార్లు అసలే ఆడించకపోవడం జరిగింది. 28 మ్యాచ్‌లలో 7 గోల్స్ చేసిన తరువాత 2009, ఫిబ్రవరి 2న, బదిలీల గడువు చివరి రోజున, తిరిగి టోటెన్‌హామ్‌కే చేరినాడు.

రెండవసారి టోటెన్‌హామ్‌లో మునుపటి ఫలితాలు రాలేదు. 2010 జనవరిలో అద్దెపై స్కాట్లాండుకు చెందిన సెల్టిక్ చేరి 19 మ్యాచ్‌లలో 16 గోల్స్ చేసినాడు. 2011 జనవరిలో అదే పద్ధతిలో వెస్ట్ హామ్ యునైటెడ్‌కు వెళ్ళినాడు కాని, ఆ జట్టు ఆ సీజన్‌లో ప్రీమియర్ లీగ్ నుంచి దిగువ శ్రేణికి పడిపోయింది. రెండు దఫాలుగా టోటెన్‌హామ్ తరఫున ఇతడు 306 మ్యాచ్‌లు ఆడి 122 గోల్స్ సాధించినాడు. ప్రీమియర్ లీగ్‌లో అన్ని క్లబ్బుల తరఫున చేసిన గోల్స్ 126.

అమెరికాలో (2011-2016)

2011 ఆగస్టులో అమెరికా మేజర్ లీగ్ సాకర్‌కు చెందిన లాస్ ఏంజిలెస్ గెలాక్సీ జట్టులో చేరినాడు. అప్పటికే డేవిడ్ బెక్‌హామ్, లాండన్ డొనోవన్ ఆ జట్టులో ఉన్నారు. వయసు మీరిన యూరోప్ ఆటగాళ్ళు విశ్రాంతికి వెళ్ళే లీగ్ అని దానిపై అప్పట్లో విమర్శ ఉండేది. కీన్ విషయంలో మాత్రం ఇది తారుమారైంది. యూరోప్‌లో దక్కని లీగ్ విజేత పట్టాలు ఇతనికి ఇక్కడే లభించినాయి.

2011, 2012లలో వరుసగా హ్యూస్టన్ డైనమోను ఓడించి గెలాక్సీ ఛాంపియన్ అయింది. మొదటి ఫైనల్లో డొనోవన్ చేసిన ఏకైక గోల్‌కు బంతి అందించినది కీన్ కాగా, రెండవ ఫైనల్లో ఇతడు పెనాల్టీ ద్వారా గోల్ చేసినాడు. 2014లో 19 లీగ్ గోల్స్‌తో లీగ్ అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం పొందినాడు. అదే సంవత్సరం న్యూ ఇంగ్లాండ్ రెవల్యూషన్‌తో జరిగిన ఫైనల్లో అదనపు సమయంలో విజయపు గోల్ చేసి, ఫైనల్ ఉత్తమ ఆటగాడిగా కూడా ఎంపికైనాడు.

మధ్యలో 2012 జనవరిలో అమెరికా సీజన్ విరామ కాలంలో ఆస్టన్ విల్లా తరఫున కొద్ది వారాలు ఆడినాడు. తన మొదటి క్లబ్బు వుల్వర్‌హాంప్టన్‌పై రెండు గోల్స్ చేసి విల్లాను 3-2తో గెలిపించినాడు. అప్పటి వుల్వర్‌హాంప్టన్ శిక్షకుడు మిక్ మెకార్తీయే, 1998లో కీన్‌ను తొలిసారి ఐర్లాండు జట్టులోకి తీసుకున్న వ్యక్తి. 2016 చివర గెలాక్సీని వీడే నాటికి 165 మ్యాచ్‌లలో 104 గోల్స్ సాధించినాడు.

భారతదేశంలో

2017 ఆగస్టులో కీన్ ఇండియన్ సూపర్ లీగ్ జట్టు ఏటీకేలో చేరినాడు. అంతకు ముందు సీజన్ విజేత ఏటీకేయే. టోటెన్‌హామ్ మాజీ ఆటగాడు టెడ్డీ షెరింగామ్ అప్పుడు ఆ జట్టు శిక్షకుడు. గాయం కారణంగా కీన్ ఆరంభ మ్యాచ్‌లకు దూరమైనాడు. ఫలితాలు అనుకూలించక 2018 జనవరిలో షెరింగామ్‌ను తొలగించినారు. సీజన్ ముగింపు దశలో ఆటగాడిగా ఉంటూనే శిక్షకుని బాధ్యతను కూడా కీన్ స్వీకరించినాడు. లీగ్‌లో ఇతడు 6 గోల్స్ చేసినప్పటికీ ఏటీకే పది జట్లలో తొమ్మిదవ స్థానంతో సరిపెట్టుకున్నది. ఆటగాడిగా కీన్‌కు ఇదే చివరి క్లబ్బు. 2018 నవంబరులో ఆట నుంచి విరమణ ప్రకటించినాడు.

జాతీయ జట్టులో

ఐర్లాండు ద్వీపానికి ఫుట్‌బాల్‌లో రెండు జట్లు ఉన్నాయి. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండుది ఒకటి, స్వతంత్ర దేశమైన ఐర్లాండు రిపబ్లిక్‌ది మరొకటి. కీన్ ప్రాతినిధ్యం వహించినది రెండవ దానికి. 1998 మార్చిలో చెక్ రిపబ్లిక్‌పై 17 ఏళ్ళ వయసులో తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడినాడు. అదే సంవత్సరం అక్టోబరులో మాల్టాపై తొలి గోల్స్ సాధించినాడు. 1998లో యూరోప్ 18 ఏళ్ళ లోపు పోటీలను గెలిచిన ఐర్లాండు జట్టులోనూ సభ్యుడు.

2001 నవంబరులో ఇరాన్‌పై ప్లేఆఫ్ గెలిచి ఐర్లాండు 2002 ప్రపంచ కప్‌కు అర్హత పొందింది. పోటీలు ఆరంభం కాకముందే కెప్టెన్ రాయ్ కీన్ (రాబీకి బంధువు కాదు) శిక్షకుడు మెకార్తీతో విభేదించి జట్టును వీడటంతో దేశమంతా రెండు వర్గాలుగా చీలిపోయింది. ఆ పరిస్థితిలో 21 ఏళ్ళ రాబీ కీన్ జట్టు భారాన్ని మోసినాడు. జూన్ 5న జర్మనీతో మ్యాచ్ ముగియనుండగా 92వ నిమిషంలో గోల్ చేసి స్కోరు 1-1గా సమం చేసినాడు. ఫైనల్ చేరేవరకు జర్మనీ ఇచ్చిన గోల్ అదొక్కటే. తరువాత సౌదీ అరేబియాపై ఒక గోల్, నాకౌట్ దశలో స్పెయిన్‌పై చివరి నిమిషంలో పెనాల్టీ గోల్ చేసినాడు. స్పెయిన్ మ్యాచ్‌లో ఐర్లాండు పెనాల్టీ షూటౌట్‌లో ఓడి ఇంటిముఖం పట్టింది. కీన్ ఆడిన ప్రపంచ కప్ ఇదొక్కటే.

2004 అక్టోబరులో ఫారో దీవులపై రెండు గోల్స్ చేసి నియాల్ క్విన్ రికార్డును అధిగమించినాడు. 2006లో కెప్టెన్ అయినాడు. అదే సంవత్సరం నవంబరులో పాత లాన్స్‌డౌన్ రోడ్ మైదానంలో జరిగిన చివరి అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో శాన్ మారినోపై హ్యాట్రిక్ సాధించినాడు.

2009, నవంబరు 18న పారిస్‌లో ఫ్రాన్స్‌తో జరిగిన ప్రపంచ కప్ ప్లేఆఫ్ రెండవ మ్యాచ్ ఇతని జీవితంలో అత్యంత చేదు ఘట్టం. డబ్లిన్‌లో 0-1తో ఓడిన ఐర్లాండుకు కీన్ గోల్ చేసి మొత్తం స్కోరును సమం చేసినాడు. అదనపు సమయంలో ఫ్రాన్స్ కెప్టెన్ థియరీ హెన్రీ బంతిని చేతితో ఆపి అందించగా విలియం గాలాస్ గోల్ చేసినాడు. రెఫరీ చేతి స్పర్శను గమనించకపోవడంతో గోల్ చెల్లింది. మ్యాచ్‌ను తిరిగి ఆడించాలన్న ఐర్లాండు విజ్ఞప్తిని ఫిఫా తిరస్కరించింది. న్యాయపోరాటానికి దిగకుండా ఐర్లాండు ఫుట్‌బాల్ సంఘానికి ఫిఫా 50 లక్షల యూరోలు ముట్టజెప్పిన సంగతి 2015లో వెలుగుచూసింది.

కీన్ సారథ్యంలో ఐర్లాండు 2012 యూరో కప్‌కు అర్హత సాధించినా, అక్కడ ఆడిన మూడు మ్యాచ్‌లలోనూ ఓడింది. 2013 జూన్‌లో 126వ మ్యాచ్ ఆడి గోల్‌కీపర్ షే గివెన్ రికార్డును దాటినాడు. ఆ రోజే ఫారో దీవులపై హ్యాట్రిక్ కూడా చేసినాడు. 2016 యూరో కప్‌లో ప్రత్యామ్నాయ ఆటగాడిగా మాత్రమే బరిలో దిగినాడు. 2016, ఆగస్టు 31న డబ్లిన్‌లో ఒమన్‌పై జరిగిన వీడ్కోలు మ్యాచ్‌లో 68వ గోల్ చేసి జాతీయ జట్టుకు స్వస్తి పలికినాడు. 1998 నుంచి 2016 వరకు వరుసగా 19 సంవత్సరాలలో ప్రతి ఏటా దేశం తరఫున కనీసం ఒక గోల్ చేయడం విశేషం. చిన్న జట్లపై చేసిన గోల్స్ ఎక్కువన్న విమర్శ ఉన్నప్పటికీ, జర్మనీ, స్పెయిన్, ఫ్రాన్స్‌లపై కీలక సమయాలలో చేసిన గోల్స్ దానికి సమాధానంగా నిలుస్తాయి.

ఆటతీరు

కీన్ పొడగరి కాదు, అత్యంత వేగవంతుడూ కాదు. ప్రధాన ముందువరుస ఆటగానికి కాస్త వెనుకగా ఉండి, రక్షణ ఆటగాళ్ళ మధ్య ఖాళీలను పసిగట్టి అక్కడికి చేరుకోవడం ఇతని బలం. పొడవైన సహచరుడు తలతో దించిన బంతిని అందుకుని గోల్ చేయడంలో నేర్పరి. జర్మనీపై గోల్ కూడా ఆ విధంగానే, నియాల్ క్విన్ తలతో అందించిన బంతికి చేసినదే. గోల్ చేసినప్పుడు చేతులపై పక్కకు పల్టీ కొట్టి, ఆపై ముందుకు దొర్లి, బాణం సంధించినట్లు అభినయించడం ఇతని గుర్తింపుగా మారింది.

శిక్షకుడిగా

2018 నవంబరులో ఐర్లాండు జట్టుకు మెకార్తీ సహాయకునిగా నియమితుడైనాడు. 2019-20లో మిడిల్స్‌బరోలో టోటెన్‌హామ్ మాజీ సహచరుడు జొనాథన్ వుడ్‌గేట్‌కు, 2023 మేలో లీడ్స్‌లో సామ్ అల్లార్డైస్‌కు సహాయకునిగా పనిచేసినాడు. 2023 జూన్‌లో ఇజ్రాయెల్ క్లబ్బు మక్కాబీ టెల్ అవీవ్ ప్రధాన శిక్షకుడయ్యాడు. ఈ నియామకంపై ఐర్లాండులో విమర్శలు వచ్చినాయి. 2023 అక్టోబరులో యుద్ధం మొదలుకావడంతో యూరోప్ పోటీలలో ఆ జట్టు స్వంత మ్యాచ్‌లను దేశం వెలుపల ఆడవలసి వచ్చింది. 2024 మార్చిలో కాన్ఫరెన్స్ లీగ్‌లో గ్రీసుకు చెందిన ఒలింపియాకోస్‌ను దాని మైదానంలోనే 4-1తో ఓడించినా, రెండవ మ్యాచ్‌లో అదనపు సమయంలో 1-6తో ఓడి నిష్క్రమించింది. అయినా 2023-24 ఇజ్రాయెల్ లీగ్ విజేతగా నిలిచింది. సీజన్ అనంతరం కీన్ ఆ పదవిని వదిలినాడు. 2025 జనవరిలో హంగరీకి చెందిన ఫెరెన్స్‌వారోష్ బాధ్యతలు చేపట్టగా, ఆ జట్టు 2024-25లో వరుసగా ఏడవసారి లీగ్ పట్టాన్ని గెలుచుకున్నది.

సాధించిన విజయాలు

ఆటగాడిగా:
- యూరోప్ 18 ఏళ్ళ లోపు ఛాంపియన్‌షిప్: 1998 (ఐర్లాండు)
- ఇంగ్లాండు లీగ్ కప్: 2008 (టోటెన్‌హామ్ హాట్‌స్పర్)
- మేజర్ లీగ్ సాకర్ కప్: 2011, 2012, 2014 (లాస్ ఏంజిలెస్ గెలాక్సీ)
- మేజర్ లీగ్ సాకర్ అత్యంత విలువైన ఆటగాడు: 2014

శిక్షకుడిగా:
- ఇజ్రాయెల్ ప్రీమియర్ లీగ్: 2023-24 (మక్కాబీ టెల్ అవీవ్)
- హంగరీ లీగ్: 2024-25 (ఫెరెన్స్‌వారోష్)