ఆక్సిజన్ సెన్సారు
పెట్రోలు కారు పొగగొట్టములో అమర్చబడి, ఇంజను పొగలో మిగిలిన ప్రాణవాయువును పసిగట్టు పరికరమును ఆక్సిజన్ సెన్సారు అందురు. దీనికి లామ్డా సెన్సారు అని మరొక పేరు కలదు. జర్మనీకి చెందిన బాష్ సంస్థ రూపొందించిన ఈ పరికరమును 1976లో తొలిసారిగా వోల్వో కార్లలో వాడిరి.

పనిచేయు విధానము
జిర్కోనియాతో చేసిన దీని కొన సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటిన పిదప పనిచేయును. పెట్రోలు ఎక్కువైనపుడు సుమారు 0.9 వోల్టులు, గాలి ఎక్కువైనపుడు 0.1 వోల్టు చూపును. దీనిని బట్టి కారులోని కంప్యూటరు గాలి, పెట్రోలు నిష్పత్తిని 14.7:1 వద్ద నిలుపును. సెన్సారు చెడినచో పెట్రోలు వృథా అగును. పొగను శుద్ధిచేయు కేటలిటిక్ కన్వర్టరు కూడా పాడుకావచ్చును.

ఇంటివద్ద మార్చుట
హెచ్చరిక దీపము వెలిగినంత మాత్రమున సెన్సారు చెడినదని తలచరాదు. పొగగొట్టమునకు చిల్లుపడినా, తీగ తెగినా అదే దీపము వెలుగును. కనుక ముందుగా వాటిని పరిశీలించవలెను.

కారును కేవలము జాకీపై నిలిపి క్రిందికి దూరరాదు. గట్టి స్టాండ్లు తప్పనిసరి. పాత కార్లలో మరలు తుప్పుతో బిగిసి ఉండును. ఇంజను చల్లారిన పిదప తుప్పు వదిలించు నూనె వేసి, కొంతసేపు ఆగి, సాధారణముగా 22 మిల్లీమీటర్ల పానాతో విప్పవలెను. క్రొత్తదానిని ముందు చేతితో తిప్పి, తరువాత పానాతో బిగించవలెను. మరలకు పూయు లేపనము కొనకు అంటినచో క్రొత్త సెన్సారు కూడా చెడిపోవును.