ప్రాణహితకు చేరని పడవదారి

ఐరోపాలో కాలువల నగరంగా పేరొందిన ఆమ్‌స్టర్‌డామ్‌లో 1613లో మొదలైన కాలువల వలయం బురదనేలలోని నీటిని తీయడానికీ, వర్తకుల గిడ్డంగుల దాకా సరుకు చేర్చడానికీ ఏకకాలంలో పనికివచ్చింది. నేల చదునుగా, నీటిమట్టం నిలకడగా ఉన్నచోటనే అటువంటి నగరం పెరుగుతుందనడానికి గోదావరి చరిత్ర గట్టి నిదర్శనం. ఆ నది డెల్టాలో కాలువల పట్టణాలను పోషించింది గాని, తెలంగాణ బొగ్గు పట్టణం మందమర్రికి తూర్పున పారే ఉపనది ప్రాణహిత దాకా పడవలు నడపాలన్న ప్రయత్నాన్ని సాగనివ్వలేదు.

బ్రిటిషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ పూనికతో 1852 నాటికి గోదావరిపై ధవళేశ్వరం వద్దా, 1855 నాటికి కృష్ణపై బెజవాడ వద్దా ఆనకట్టలు పూర్తి కాగా, వాటి నుండి తీసిన కాలువలు పొలాలకు నీరిస్తూనే పడవలకూ దారి అయ్యాయి. ఎత్తుపల్లాలున్న చోట్ల లాకులు కట్టారు. లాకు అంటే రెండు వైపులా తలుపులున్న నీటి గది, అందులోకి వచ్చిన పడవను నీరు నింపి పైకి లేపుతారు, నీరు వదిలి కిందికి దించుతారు. ఏలూరులో గోదావరి, కృష్ణా కాలువలు కలవడం వల్ల, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా కాకినాడ నుండి మద్రాసు దాకా జలమార్గం ఏర్పడింది.

ఈ మార్గాన్ని ఎగువకు పెంచి నాగపూర్, బేరారు ప్రాంతాల పత్తిని సముద్రానికి చేర్చాలన్నది కాటన్ ఆశయం. అమెరికా అంతర్యుద్ధం (1861–65) వల్ల లాంకషైర్ మిల్లులకు పత్తి కరవై, ఆ ఆశయానికి బలం పెరిగింది. 1860 నాటి ఒప్పందంలో నిజాం గోదావరిపై పడవల రాకపోకలకు సుంకం లేకుండా చేయడమే కాక, భద్రాచలం, సిరొంచ తదితర ఎడమగట్టు తాలూకాలను బ్రిటిషువారికి అప్పగించాడు. అయితే నదిలో దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహితపై దేవలమర్రి వద్ద బండరాళ్లు మూడు పెద్ద అడ్డంకులుగా నిలిచాయి. ఇంజనీరు హేగ్ ఆధ్వర్యంలో దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, పక్కకాలువ, లాకులు నిర్మించారు గాని, పైనున్న రెండు అడ్డంకులను దాటే మార్గం పూర్తి కాకమునుపే 1871లో పనులు నిలిపివేశారు.

కారణాలు స్పష్టమే. వానాకాలంలో ఉరవడి, వేసవిలో రాళ్లు తేలిన నదీగర్భం పడవకు అనుకూలించవు. పైగా 1867లో నాగపూర్ చేరిన రైలు బొంబాయి రేవుకు దగ్గరి దారి చూపడంతో పత్తి అటే మళ్లింది. తరువాత 1920ల చివర పూర్తయిన కాజీపేట–బల్లార్షా రైలుమార్గం మందమర్రి పక్కగా సాగి, సింగరేణి బొగ్గుకు దారి అయింది. ఆ విధంగా ఈ ప్రాంతపు పట్టణాలు నదీతీరాన గాక, గనుల చుట్టూ, పట్టాల వెంట పెరిగాయి.

డెల్టా కాలువలను, భద్రాచలం దిగువ గోదావరిని 2008లోనూ, భద్రాచలం ఎగువ భాగాన్ని 2016లోనూ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన ఒక్కటే పడవను నడపదు. ఏడాది పొడుగునా నీటి లోతు నిలిపే నిర్మాణం, దాని నిర్వహణకు సాగే వ్యయం, ఆ దారిన తప్పనిసరిగా వెళ్లవలసిన సరుకు, ఈ మూడూ కుదరాలి. దుమ్ముగూడెం లాకులు నేర్పే పాఠం ఇదే గనుక, ఎగువ గోదావరిపై కొత్త పథకం రచించేవారు ముందుగా చదువవలసినది 1871లో ఆగిన ఆ పనుల చరిత్రనే.